ఆడవాళ్ళ చెయ్యి పడని బండి

"మళ్ళీ మచ్చలు పడ్డాయి చూడు," అన్నాడు మా ఆయన బాల్కనీలోంచి, చేతిలో టీ కప్పుతో. నేను కింద బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ళ దాకా తడిసి, కారు వెనక చక్రం పైన అంటుకున్న బురద కడుగుతున్నాను. పడ్డాయట. మా ఇంట్లో అన్నీ వాటంతట అవే జరుగుతుంటాయి. అన్నం ఉడుకుతుంది, బట్టలు మడతపడతాయి, బాత్రూములో కొత్త సబ్బు వచ్చి కూర్చుంటుంది, ఆదివారం సాయంత్రానికల్లా బండి అద్దాలు మెరుస్తాయి. ఏదైనా జరగనప్పుడు మాత్రం దాని వెనక నేనున్నానని అందరికీ గుర్తొస్తుంది.

ఆ మచ్చల సంగతి చెప్పాలి. మాది బోరు నీళ్ళు. బకెట్లో పట్టి చూస్తే తేటగానే ఉంటాయి గానీ, అద్దం మీద ఒక్క చుక్క ఆరిందంటే తెల్లటి వలయం మిగిలిపోతుంది. నీళ్ళు ఆవిరైపోయి, అందులోని ఉప్పు గాజుని పట్టుకుని కూర్చుంటుంది. ఎండలో ఆరితే ఇక చెప్పక్కర్లేదు, గోరుతో గీకినా రాదు. కాబట్టి కడిగిన భాగాన్ని కడిగినట్టే ఆరకముందే తుడిచెయ్యాలి. ఉన్నది ఒక్క మనిషి. ఈ పక్క తుడుస్తుంటే ఆ పక్క ఆరిపోతుంటుంది. బండి చుట్టూ పరుగులు తీసి తుడిచినా ఎక్కడో ఒకచోట రెండు చుక్కలు మిగిలేవి. ఆ రెండు చుక్కలే ఆయన కంటపడేవి. పైనుంచి అంత చిన్న చుక్క కనిపించే మనిషికి దాని పక్కనే ఉన్న నేను ఎందుకు కనిపించనో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

మా వీధిలో ఆయన్ని 'అద్దం సార్' అంటారు. పై అంతస్తు పెద్దాయన పెట్టిన పేరు అది. మీ బండిలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చండీ అని ఆయన అంటే, మా ఆయన సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "ఏదోలెండి, నాకు బండంటే ప్రాణం. ఎవర్నీ ముట్టుకోనివ్వను," అంటాడు. ఒకసారైతే నేను పక్కనే నిలబడి ఉండగా, నా చేతిలో తడిగుడ్డ ఉండగా అన్నాడు. పెద్దాయన ఆ గుడ్డకేసి చూశాడు, నాకేసి చూశాడు, మళ్ళీ మా ఆయన్నే మెచ్చుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట వంటింట్లో గిన్నెలు కాస్త ఎక్కువ చప్పుడు చేశాయి. ఏమైందని ఎవరూ అడగలేదు.

ఇంతకీ ఆ బండి నా పేరు మీద ఉంది. ఇదేం రహస్యం కాదు. ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ మర్చిపోయారు. కొన్నప్పుడు మా ఆఫీసులో ఆడ ఉద్యోగులకి తక్కువ వడ్డీకి వాహనాల లోను ఇస్తుండేవారు. నీ పేరు మీద తీసేసుకుందాం అన్నాడాయన, అదేదో నాకు చేస్తున్న సన్మానంలా. కోత నా జీతంలోంచే పడింది. కాగితాల మీద నేను సంతకాలు పెట్టి తలెత్తేసరికి షోరూం వాళ్ళు తాళాలు ఆయన చేతిలో పెట్టారు, నా చేతిలో పూలగుత్తి పెట్టారు. ఫోటోలో కూడా అలాగే ఉన్నాం. ఇంటికొస్తూ నేనొకసారి నడుపుతానన్నాను. పెళ్ళికి ముందే అక్క దగ్గర నేర్చుకున్నాను, లైసెన్సు ఉంది. కొత్త బండి, ముందు నా చేతికి అలవాటు కానివ్వు అన్నాడు. ఆ తరవాత అడిగినప్పుడల్లా ఒక కారణం. వానలు, దారి బాలేదు, క్లచ్చు గట్టిగా ఉంది, నువ్వు అలిసిపోయి ఉన్నావు. అలిసిపోయి ఉన్నావన్నది బండి కడగమన్నప్పుడు ఎప్పుడూ గుర్తురాలేదు.

ఒక్కసారి మాత్రం ఊరి చివర ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి స్టీరింగ్ ఇచ్చాడు. నేను గేరు మార్చిన ప్రతిసారీ పళ్ళు కొరికాడు. కంగారులో బండి ఆగిపోయింది. ఆగిందో లేదో "చూశావా?" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికే నన్నక్కడిదాకా తీసుకెళ్ళాడని ఇప్పటికీ నా అనుమానం. అక్క ఊరు వెళ్ళినప్పుడు అక్క బండి నేనే నడిపేదాన్ని, ఇరుకు సందుల్లో, సంత రోజుల్లో, వానలో. ఆ మాట చెప్తే, అక్కడ ట్రాఫిక్ ఏముందిలే అని కొట్టిపారేసేవాడు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "నీకేం వదినా, ఇంటి ముందు కారుంది," అని ముచ్చటపడేది. నిజమే, ఇంటి ముందే ఉంది. నేను దాన్ని దాటుకుని బస్టాపుకి నడిచేదాన్ని.

నేను పనిచేసేది బీమా ఆఫీసులో, బండ్ల క్లెయిములు చూసే విభాగంలో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుద్దుకున్న బండ్ల ఫోటోలే నా ముందు. ఏ తలుపు నొక్కుకుపోయింది, ఏ దీపం పగిలింది, అది ఇప్పటి దెబ్బా పాత దెబ్బా అని తేల్చి రాసేది నేను. కానీ కాస్త చిక్కైన ఫోటో ఏదైనా వస్తే మా మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, ఇంటికెళ్ళి మీ వారిని అడిగి రండి మేడమ్ అంటాడు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అంటాడు. పైవాళ్ళతో మీటింగ్ ఉందంటే బల్ల సర్దే పని కూడా నాదే. మీ చెయ్యి పడితే ఆ అందమే వేరు అంటాడు. ఆఫీసుకి రెండు బస్సులు మారి వెళ్ళాలి. రెండోది ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. ఆలస్యమైన రోజు మేనేజరు ఏమీ అనడు, అందరూ వినేలా గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్తాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కిందటేడు మా ఇంట్లో కొత్త బండి మాట మొదలైంది. భోజనాల దగ్గర, అత్తయ్య వింటుండగా, "కొత్తది రాగానే ఇది నీకే. నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో, గుద్దుకో," అన్నాడు మా ఆయన. గుద్దుకో అన్నది నేను చెవిన పెట్టలేదు. ఇది నీకే అన్నది మాత్రం గట్టిగా పట్టుకున్నాను. అంట్లు తోముతూ, ఆఫీసుకెళ్ళే దారంతా మనసులోనే నడిపాను. ఏ మలుపు దగ్గర తగ్గించాలి, ఆఫీసు గేటు లోపల ఏ చెట్టు కింద ఆపాలి, అన్నీ తేల్చుకున్నాను. మేనేజరు గడియారం వైపు చూసే లోపే నా కుర్చీలో ఉన్నట్టు కూడా ఊహించుకున్నాను.

అప్పటినుంచి ఆ బండి మీద నా చూపే మారిపోయింది. ఆయన బండిని తుడవడం వేరు, నా బండిని బాగుచేసుకోవడం వేరు. ఏళ్ళ తరబడి పేరుకున్న మచ్చలు మామూలుగా తుడిస్తే పోవు. ముందు షాంపూ నీళ్ళతో దుమ్మంతా వదిలించాలి, లేకపోతే సన్నటి ఇసుక గాజుని గీసేస్తుంది. బండి నీడలో ఉండాలి, గాజు చేతికి చల్లగా తగలాలి. వెనిగరూ, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ సమంగా కలిపి, అందులో గుడ్డ తడిపి, మచ్చ మీద పరిచి కాసేపు వదిలెయ్యాలి. లోపల ఉప్పు మెత్తబడుతుంది. అప్పుడు గట్టిగా రుద్దకుండా ఒక్కవైపుకే లాగినట్టు తుడవాలి. మొండివాటికి గ్లాసు పాలిష్ పెట్టి చిన్నగా తిప్పాలి. చివర్లో మళ్ళీ బ్యాటరీ నీళ్ళతోనే కడిగి, వెంటనే పొడి గుడ్డ. బోరు నీళ్ళు పోస్తే చేసిందంతా వృథా.

అద్దాలకంటే ఎక్కువ ఏడిపించింది బీడింగ్. తలుపు మీద అద్దం కింది అంచు పొడుగునా నల్లటి పట్టీ ఉంటుంది కదా, అదే. మా బండిది ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగింది. ఎప్పుడో పెయింటుకి పూసిన మైనం దాని గీతల్లో తెల్లగా గడ్డకట్టింది. పాత టూత్‌బ్రష్ పెట్టి ఆ తెలుపంతా తోడి తీశాను. పక్కనున్న పెయింటుకి అంటకుండా కాగితపు టేపు అంటించి, ఆ పట్టీకి మళ్ళీ నలుపు తెప్పించే మందు స్పాంజి ముక్కతో పలచగా పూసి, అది పీల్చుకున్నాక మళ్ళీ పలచగా పూశాను. తలుపుకో సాయంత్రం పట్టింది. పూసిన మర్నాటి దాకా నీళ్ళు తగలకూడదు, తగిలితే కరిగి కారిపోతుంది. మొదటి తలుపుకి టేపు పీకినప్పుడు, షోరూంలో చూసిన నలుపు మళ్ళీ కనిపించింది. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, గోళ్ళ సందుల్లో నలుపు, చేతులకి వెనిగరు వాసన. కూరలో చెయ్యి పెట్టేముందు సబ్బుతో కడుక్కో అమ్మాయ్ అని అత్తయ్య రోజూ గుర్తుచేసేది. అయినా ఆ సాయంత్రాలు సంతోషంగానే గడిచాయి.

ఆ సంతోషం గుర్తొస్తేనే నాకు ఇప్పుడు ఎక్కువ మండుతుంది. ఎందుకంటే ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. ఏ రోజూ లేనిది, బాల్కనీలోంచి మెచ్చుకున్నాడు. మందు అయిపోతే తనే వెళ్ళి కొత్త సీసా కొనుక్కొచ్చాడు. రెండో వైపు కూడా ఇలాగే రావాలి అన్నాడు. ముందు దీపాలు పచ్చబడ్డాయి, వాటి సంగతి కూడా చూడమన్నాడు. నా బండి బాగుండాలని కోరుకుంటున్నాడని మురిసిపోయాను. టీవీ చూస్తూ అంత సేపు కూర్చునే మనిషి నాకోసం దుకాణానికి వెళ్ళాడని అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఒక గురువారం సాయంత్రం వెనక ఎడమ తలుపు దగ్గర కూర్చుని టేపు అంటిస్తున్నాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూ మెట్లు దిగి, బండికి అవతలి పక్కన వచ్చి నిలబడ్డాడు. నేను అద్దానికి కిందుగా ఉన్నాను, ఆయనకి కనిపించలేదు. కనిపించినా మాట ఆపేవాడని అనుకోను.

"ఒకే ఓనరు సార్. అన్నీ నేనే స్వయంగా చూసుకుంటాను, ఆదివారమొస్తే బండి కడగడమే నాకు వ్యాయామం. ఇంకో మాట చెప్తాను వినండి. ఇది ఆడవాళ్ళ చెయ్యి పడని బండి సార్. క్లచ్చు మీద కాలేస్తే మీకే తెలుస్తుంది. శనివారం వచ్చి చూసుకోండి."

అప్పుడు నా రెండు చేతులూ ఆ తలుపు మీదే ఉన్నాయి. ఒక చెయ్యి టేపుని నొక్కుతోంది, ఇంకో చెయ్యి దాన్ని సాగదీస్తోంది. ఒళ్ళంతా భగ్గుమంది. లేచి నిలబడ్డాను. నేను తోమిన రెండు అద్దాల్లోంచి, ఇటునుంచి అటుదాకా, మచ్చ లేకుండా నేనాయనకి కనిపించాను. ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, నీ పని నువ్వు కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపి, క్లచ్చు గురించి చెప్పుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర అడిగాను. నాకిస్తానన్నారు కదా అంటే, అప్పుడేదో అన్నాను అన్నాడు. అమ్మితే కొత్తదానికి కలిసొస్తుందన్నాడు. నీకు బస్సు అలవాటైపోయింది, ఇప్పుడు కొత్తగా నడిపి ఎవర్నైనా గుద్దితే నేను కోర్టుల చుట్టూ తిరగాలా అన్నాడు. వాడు నీ మంచికే చెప్తున్నాడమ్మాయ్, నేను ఇన్నేళ్ళూ బండి నడపకుండా బతకలేదా అంది అత్తయ్య. నేను కంచంలోకి చూస్తూ, బండి నా పేరు మీద ఉంది అన్నాను.

"ఉంటే? సంతకం పెడతావుగా. అదెంతసేపు," అన్నాడు.

బెదిరించినట్టు అనలేదు. బెదిరించినా బాగుండేది, నేనొకదాన్ని అడ్డం వస్తానేమో అన్న ఆలోచన ఉన్నట్టయ్యేది. కాస్త మంచినీళ్ళు అందుకో అన్నట్టే అన్నాడు. చొక్కా జేబులో పెన్ను ఉన్నట్టు, అవసరమైనప్పుడు బయటికి తీస్తే రాసినట్టు, నా చెయ్యి కూడా ఆయనకి అలాగే ఉంది. ఆ చెయ్యి బండి మీద పడలేదని చెప్పి అమ్ముతున్నాడు, ఆ చెయ్యి పెట్టే సంతకంతోనే అమ్ముతున్నాడు. ఈ రెండూ ఒకే నోటితో అంటున్నానన్న ఇబ్బంది ఆ మొహంలో రవ్వంత కూడా లేదు. చెయ్యి కడుక్కుంటూ, "సరేగానీ, డ్రైవరు వైపు తలుపు మిగిలిపోయింది. శనివారంలోగా అది కూడా కానిచ్చెయ్," అన్నాడు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు ఒక ఫోటో తెచ్చాడు. తలుపులోకి నీళ్ళు దిగి లోపల అద్దం ఎత్తే మోటారు పాడైన బండి. ఎందుకు దిగాయో మీ వారిని అడిగి సోమవారం చెప్పండి అన్నాడు. బీడింగ్ అద్దాన్ని వదిలేసింది, ఆ సందులోంచి దిగాయి అని అక్కడికక్కడే చెప్పాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, పక్క బల్లలవాళ్ళు తలలెత్తారు. ఒంట్లో బాలేదా మేడమ్ అని అడిగాడు మేనేజరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి డ్రైవరు వైపు తలుపు పూర్తి చేశాను. ఎందుకు చేశావే అని అక్క ఫోన్లో అరిచింది. మూడు తలుపులు నల్లగా, ఒకటి బూడిదగా వదిలెయ్యడానికి నా మనసు ఒప్పుకోలేదు. నా బండి అనుకుని మొదలుపెట్టిన పని, నా బండి అనుకునే ముగించాలనిపించింది. చేస్తున్నంతసేపూ ఏడుపు రాలేదు. కోపంతో టేపుని నొక్కి నొక్కి అంటించాను. అంత తిన్నగా అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పైకి వెళ్ళి, టీవీ ముందున్న ఆయనతో, "రేపు సాయంత్రం దాకా దానికి నీళ్ళు తగలనివ్వకండి. నీడలోంచి బయటికి తియ్యకండి," అని చెప్పాను. ఊ అన్నాడు. ఆ ఊ నాకు బాగా తెలుసు. పాలు అయిపోయాయన్నా, ఒంట్లో జ్వరంగా ఉందన్నా అదే ఊ.

శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వచ్చేవాళ్ళకి టీ పెట్టమని నన్ను వంటింట్లోకి పంపి, ఆయన కిందికి దిగాడు. టీ నీళ్ళు పెట్టి కిటికీలోంచి చూద్దును కదా, బండి నీడలో లేదు. మెరుపు బాగా కనిపించాలని కాబోలు, వీధిలోకి తెచ్చి ఎండలో పెట్టాడు. చేతిలో బోరు పైపు. నాకు తెలిసి ఆయన ఆ బండిని కడగడం అదే మొదటిసారి. వచ్చేవాళ్ళు వీధి మలుపు తిరిగేసరికి పైపుతో కనిపించాలని, ఫోన్లో చెప్పిన వ్యాయామం అబద్ధం కాకూడదని ఆయన ఆశ. చొక్కా తడవకుండా దూరంగా నిలబడి అద్దాల మీదికి, తలుపుల మీదికి చిమ్ముతున్నాడు. నా కాళ్ళు అలవాటుకొద్దీ మెట్లవైపు కదిలాయి. గుమ్మం దాకా వెళ్ళాక ఆగాను. వెనక్కి వచ్చి, టీ పొంగకుండా మంట తగ్గించాను.

రిటైరైన మాస్టారొకాయన, ఆయన భార్య వచ్చారు. నమస్కారాలు, పరిచయాలు అయ్యేలోపే ఎండ తన పని తాను చేసుకుపోయింది. అద్దాల నిండా తెల్లటి వలయాలు తేలాయి. నిన్న సాయంత్రం పూసిన మందు కరిగి, డ్రైవరు వైపు తలుపు మీద నల్లటి చారలుగా దిగింది, ఏడిస్తే కాటుక కారినట్టు. మా ఆయన జేబురుమాలు తీసి గబగబా తుడిచాడు. ఆ నలుపు అద్దానికి కూడా అంటుకుంది. మాస్టారి భార్య బీడింగ్ మీద వేలు రాసి, నల్లబడ్డ వేలుని భర్తకి చూపించింది. పాత బండికి రంగేసి అమ్ముతున్నారా అని అడిగారు మాస్టారు.

"ఇదిగో, నీ గుడ్డ తీసుకుని ఒకసారి కిందికి రా," అని కేకేశాడు మా ఆయన. వీధంతా విన్నది. నీ గుడ్డ అన్నాడు. ఆ ఇంట్లో నాదని ఆయన నోటితో ఒప్పుకున్న వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

పొడి గుడ్డ భుజాన వేసుకుని దిగాను. తొందరగా తుడిచెయ్, నీ వెనిగరేదో తేలేదా అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు. అన్నీ మీరే చూసుకుంటానన్నారు కదా అన్నారు మాస్టారు. నేనేనండీ, ఇలాంటి చిల్లర పనులు మాత్రం మా ఇంట్లో తను చేస్తుంటుంది అని నవ్వాడాయన. నేను గుడ్డ భుజం మీదనుంచి తియ్యలేదు. చిల్లర పనులన్న మాట చెవుల్లో హోరుమంటోంది. ఇన్ని ఆదివారాలు, ఇన్ని సాయంత్రాలు, మోకాళ్ళు, గోళ్ళు. బాల్కనీలో టీ కప్పు.

మాస్టారి భార్య నావైపు తిరిగి, "ఇవి పోతాయామ్మా?" అని అడిగింది.

"పోతాయండి," అన్నాను. ఎలా పోతాయో కూడా చెప్పాను. బండిని నీడలో పెట్టి చల్లారనివ్వాలని, వెనిగరు గుడ్డ పరిచి ఉంచాలని, కారిన నలుపుని షాంపూతో తీసి బీడింగ్‌కి మళ్ళీ మొదటినుంచీ పుయ్యాలని, ఎండలో బోరు నీళ్ళు మాత్రం ఎప్పుడూ కొట్టకూడదని. ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్నది. నా గోళ్ళ సందుల్లోని నలుపుని చూసింది, తన వేలి మీది నలుపుని చూసుకుంది. అయితే ఈ బండిని చూసుకునేది నువ్వన్నమాట అంది.

"అవునండి. బండి కూడా నాదే, నా పేరు మీదే ఉంది. నేను అమ్మడం లేదు."

గొంతు పెంచలేదు. మాట బయటికొచ్చేదాకా అది అంటానని నాకూ తెలియదు. మా ఆయన పెద్దగా నవ్వి, జోక్ చేస్తోందండీ అన్నాడు.

"జోకు కాదండి. పాపం ఎండన పడి వచ్చారు. పైకొచ్చి టీ తాగి వెళ్ళండి," అన్నాను.

వాళ్ళు టీకి ఆగలేదు. ఇంట్లో తేల్చుకోకుండా మమ్మల్ని ఎందుకు రప్పించారని మాస్టారు మా ఆయన్ని నాలుగు దులిపి వెళ్ళారు. వెళ్ళేముందు ఆయన భార్య నా గుడ్డ అడిగి తీసుకుని, వేలు తుడుచుకుని, మడతపెట్టి నా చేతికిచ్చింది.

ఆ తరవాత ఇంట్లో జరిగింది ఊహించుకోవచ్చు. మొగుణ్ణి నడివీధిలో నిలబెట్టి పరువు తీసిందని అత్తయ్య గోడలకి చెప్పుకుంది. పేరు నీదైనంత మాత్రాన బండి నీదైపోతుందా అని అరిచాడాయన. మరి ఎవరిదవుతుంది అని అడిగాను. ఎండలో కడిగితే మచ్చలు పడతాయని నాకెవరైనా చెప్పారా అని మళ్ళీ బండి మీదికొచ్చాడు. నిన్న సాయంత్రం చెప్పానన్నాను.

"చెప్తే గట్టిగా చెప్పాలి కదా," అన్నాడు.

గట్టిగా చెప్పాలి. ఈ మాట మాత్రం నాలో నాటుకుపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చెప్పినవన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. నడుపుతానని చెప్పాను, అలిసిపోయానని చెప్పాను, ఆ నీళ్ళతో ఎంత తుడిచినా మచ్చలు పడతాయని చెప్పాను, ఆఫీసులో నన్ను చూసి నవ్వుతున్నారని చెప్పాను. అన్నిటికీ ఒకటే ఊ. ఇవాళ వీధిలో నెమ్మదిగా అన్న మాట మాత్రం ఎంత బాగా వినిపించింది. అంటే చెవులు బాగానే ఉన్నాయి. ఆయన బండి తాళం తీసి జేబులో వేసుకుని, ఇక మాట్లాడడానికేమీ లేదన్నట్టు పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. బండికి రెండో తాళం ఒకటి ఉంటుందన్న సంగతి కూడా ఆయన మర్చిపోయాడు. దాన్ని కొన్నరోజునే కాగితాలతో పాటు బీరువాలో పెట్టింది నేను.

ఆదివారం బకెట్టు పెరట్లో బోర్లించే ఉంది. నేను ఆలస్యంగా లేచాను. ఏంటి అద్దం సార్, ఈ వారం కడగలేదా అని మెట్ల మీదనుంచి పెద్దాయన అడగడం వినిపించింది. ఒంట్లో బాలేదండీ అన్నాడు మా ఆయన.

సోమవారం వంట ముగించి, నా టిఫిన్ డబ్బా సర్దుకుని, రెండో తాళం తీసుకున్నాను. ఇచ్చిననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు, పళ్ళతో చింపాను. సీటు ఆయన కాళ్ళ పొడుగుకి తగ్గట్టు వెనక్కి ఉంది. ముందుకి లాక్కుని, నా ఎత్తుకి సరిచేసుకున్నాను. ఇంజను మోగగానే బాల్కనీలోకి ఆయన, గుమ్మంలోకి అత్తయ్య వచ్చారు. క్లచ్చు వదలడంలో తొందరపడ్డాను, బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. పైనుంచి "చూశావా?" అని వినిపించింది. చూశాను. మళ్ళీ తాళం తిప్పాను.

"అమ్మాయ్, ఆ మచ్చలైనా తుడుచుకుని వెళ్ళు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు," అంది అత్తయ్య. నా చెయ్యి పక్కసీటు మీదికి వెళ్ళి గుడ్డ కోసం తడిమింది. అక్కడ నా సంచీ, టిఫిన్ డబ్బా ఉన్నాయి. గుడ్డ తెచ్చుకోలేదు.

గేరు వేసి వీధి మలుపు తిరిగాను. ఎదురెండ పడి అద్దాల నిండా తెల్లటి వలయాలు వెలిగాయి, తలుపు మీద నల్లటి చారలు ఎలా కారినవి అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ మచ్చల్ని నేను బయట నిలబడే చూశాను. లోపల కూర్చుని చూస్తే, వాటి మధ్యలోంచి రోడ్డు శుభ్రంగా కనిపిస్తోంది.